వేట ఆగింది, పని మొదలైంది

చేపలకు విరామమిచ్చే 61 రోజులూ పడవకు వైద్యం జరిగే రోజులు. చేతిలో డబ్బు ఆడనప్పుడే ఆ ఖర్చు మీద పడటం మత్స్యకారుడి చిక్కు.

ఏప్రిల్ 15 తెల్లవారేసరికి తూర్పు తీరం రూపు మారిపోతుంది. విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లు పక్కపక్కనే లంగరేసి నిలుస్తాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో ఫైబర్ తెప్పలు అలలకు అందనంత దూరం ఇసుకలోకి చేరతాయి. వాటి వెనుక బిగించిన ఔట్‌బోర్డ్ మోటార్లను ఊడదీసి ఇళ్లకు మోసుకెళ్తారు. జూన్ 14 అర్ధరాత్రి దాకా ఇంజను ఉన్న ఏ పడవా వేటకు వెళ్లకూడదు. మోటారు లేని సంప్రదాయ తెప్పలకే మినహాయింపు.

చేపలు గుడ్లు పెట్టే కాలంలో సముద్రాన్ని వదిలేయాలన్నది ఈ నిషేధం ఉద్దేశం. ఒకప్పుడు 45 రోజులున్న విరామాన్ని 2015లో 61 రోజులకు పెంచారు. పశ్చిమ తీరంలో ఇది జూన్ 1 నుంచి జులై 31 వరకు అమలవుతుంది. ప్రభుత్వ లెక్కలో ఇది పని లేని కాలం. ఒడ్డున చూస్తే కథ వేరు. ఏడాది పొడవునా వాయిదా పడిన మరమ్మతులన్నీ ఈ రెండు నెలల్లోనే తెమలాలి.

కెనడా, నార్వే లాంటి చలి దేశాల్లో చిన్న పడవల యజమానులు శీతకాలం ముందు మోటార్లను భద్రపరుస్తారు. లోపల మిగిలిన నీరు గడ్డకట్టి వ్యాకోచిస్తే లోహపు కవచమే పగిలిపోతుందన్నది వారి భయం. ఆంధ్ర తీరంలో మంచు లేదు, కానీ ఉప్పు ఉంది. మోటారును చల్లబరచడానికి లోపలికి వెళ్లే సముద్రపు నీరు సన్నని దారుల్లో ఉప్పును వదిలిపోతుంది. రోజూ నడిచే మోటారులో అది అంతగా పేరుకోదు. రెండు నెలలు మూలన పడితే రాయిలా గట్టిపడుతుంది. మళ్లీ నడిపిన రోజున నీరు పారక మోటారు వేడెక్కి ఆగిపోతుంది.

అందుకే మొదటి పని మంచినీటి స్నానం. డ్రమ్ములో మంచినీళ్లు నింపి, మోటారు అడుగు భాగాన్ని అందులో ముంచి, పది పదిహేను నిమిషాలు నడుపుతారు. వేసవిలో బిందెడు నీళ్లకే కరువొచ్చే పల్లెల్లో ఇదేమీ చిన్న విషయం కాదు. తర్వాత ఇంధనపు గొట్టం తీసేసి, కార్బొరేటర్‌లో ఉన్న పెట్రోలంతా అయిపోయి దానంతటదే ఆగేదాకా నడపాలి. నిల్వ ఉన్న పెట్రోలు ఆవిరైపోగా మిగిలే జిగురు సన్నని రంధ్రాలను మూసేస్తుంది. ఆపై స్పార్క్ ప్లగ్ విప్పి, సిలిండర్‌లో కొద్దిగా ఆయిల్ పోసి, స్టార్టర్ తాడు నాలుగైదుసార్లు మెల్లగా లాగితే లోపలి గోడలకు నూనె పట్టి తుప్పును ఆపుతుంది.

అసలు జబ్బు బయటపడేది గేర్ ఆయిల్ మార్చేటప్పుడు. పాత ఆయిల్ పాలలా తెల్లబారి వస్తే లోపలికి నీరు చేరినట్టే. చాలాసార్లు దీనికి కారణం వల. ప్రొపెల్లర్ ఇరుసుకు చుట్టుకున్న నైలాన్ దారం కొద్దికొద్దిగా సీలును కోసేస్తుంది. చవకగా దొరికే ఆ సీలు మార్చకపోతే గేర్లే పాడవుతాయి. చివరగా మోటారును పడుకోబెట్టకుండా నిలువుగా చెక్క స్టాండుకు బిగిస్తే మిగిలిన నీరు కిందికి జారిపోతుంది.

పడవదీ అదే పరిస్థితి. ఫైబర్ తెప్పకు పడ్డ పగుళ్లను గీకి, ఆరబెట్టి, ఫైబర్ మ్యాటు, రెజిన్‌తో అతకాలి. తడి ఆరకుండా వేసిన అతుకు నిలవదు. పెద్ద మరబోట్లను స్లిప్‌వే మీదికి లాగి, అడుగున అంటుకున్న గుల్లలు గీకి, రంగు వేయాలి. గుల్లలు పట్టిన బోటు అదే దూరానికి ఎక్కువ డీజిల్ తాగుతుంది.

ఈ పనులన్నీ తెలియక ఆగేవి కావు. తరచూ డబ్బులేక ఆగుతాయి. నిషేధ కాలపు భృతి రాష్ట్రంలో ఒకప్పుడు 4,000 రూపాయలు. 2019లో 10,000కు, 2025లో 20,000కు పెరిగింది. పెరుగుదల తక్కువేమీ కాదు. కానీ అది కుటుంబం రెండు నెలలు గడవడానికి ఉద్దేశించిన సొమ్ము. బియ్యం, బడి ఫీజులు, పాత బాకీలు పోగా అందులోంచే పడవకూ తీయాలి. చాలని వాళ్లు చేపలు కొనే వ్యాపారి దగ్గర చేయి చాస్తారు. ఆ అప్పు ఉన్నంతకాలం పట్టిన చేపను అతను చెప్పిన ధరకే ఇవ్వాలి. కిసాన్ క్రెడిట్ కార్డును 2018-19 బడ్జెట్‌లో మత్స్యకారులకూ విస్తరించారు. అయినా గడప దాటకుండా చేతిలో పడే వ్యాపారి అప్పు ముందు బ్యాంకు కాగితాలు చాలామందికి దూరంగానే కనిపిస్తాయి.

మరమ్మతు వాయిదా వేస్తే ఏమవుతుంది? నిషేధం ముగిసే జూన్ మధ్య నాటికి నైరుతి రుతుపవనాలతో సముద్రం పోటెత్తి ఉంటుంది. హార్బర్ లేని పల్లెల్లో తెప్ప నేరుగా ఒడ్డు నుంచే అలలను చీల్చుకుంటూ వెళ్లాలి. సరిగ్గా అల విరిగే చోట మోటారు ఆగితే తెప్ప అడ్డం తిరుగుతుంది. తర్వాతి అల దాన్ని బోల్తా కొట్టిస్తుంది. ఏప్రిల్‌లో మిగిల్చుకున్న కొన్ని వందల రూపాయలకు జూన్‌లో చెల్లించాల్సి వచ్చే మూల్యం అది.

భృతిని మనిషికి లెక్కగట్టే విధానంలో పడవకంటూ ఒక పద్దు లేదు. నిషేధం మొదలైన వారంలోనే పల్లెకొక మెకానిక్, కొన్ని సీళ్లు, ప్లగ్గులు, గేర్ ఆయిల్ అందించడం కొత్త హార్బర్ కట్టడమంత ఖరీదైనది కాదు. మత్స్యకారులకు ఇంజన్ల శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థ సిఫ్‌నెట్ శాఖ విశాఖలోనే ఉంది.

జూన్ 14 రాత్రి గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమలు పెట్టి పడవలు సిద్ధమవుతాయి. అర్ధరాత్రి దాటాక తాడు లాగగానే మోటారు పలికితే ఏడాదికి సరిపడా ధైర్యం. పలకకపోతే తప్పు ఆ రాత్రిది కాదు, ఏప్రిల్‌ది.