‘వద్దు’ అనడం నేర్పే చదువు

2011 మార్చిలో కర్నూలు జిల్లాలో పుట్టుకతోనే చూపు లేని 22 ఏళ్ల యువతిపై అత్యాచారం జరిగింది. ఆమె షెడ్యూల్డ్ కులానికి చెందిన నిరుపేద కుటుంబంలోని అమ్మాయి. నేరం చేసినవాడు ఆమె సోదరుల స్నేహితుడు, ఇంటికి వచ్చిపోయేవాడు. తల్లి ఇంటి బయట పనిలో ఉండగా లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. గొంతును బట్టి ఆమె అతన్ని గుర్తుపట్టింది. ఆ కేసు పదేళ్లు నడిచి 2021 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టులో తేలింది. జీవితఖైదును ఖరారు చేసిన ధర్మాసనం, చూపు లేనివారు గొంతు విని గుర్తించడాన్ని తక్కువ చేసి చూడకూడదనీ, వైకల్యం ఉందన్న కారణంతో ఒక స్త్రీ సాక్ష్యాన్ని బలహీనమైనదిగా లెక్కించకూడదనీ స్పష్టం చేసింది.

న్యాయవాదులు ఈ తీర్పు గురించి చాలా చర్చించారు. దివ్యాంగ పిల్లలున్న తల్లిదండ్రులూ, ప్రత్యేక ఉపాధ్యాయులూ దాన్ని ఇంకో కోణంలో చూడాలి. తనకు జరిగింది నేరమని ఆమెకు తెలుసు. చేసిందెవరో తెలుసు. చెప్పడానికి మాట ఉంది, వినడానికి తల్లి ఉంది. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లోపించినా ఆ ఫిర్యాదు ఠాణా గడప తొక్కడం అనుమానమే. మేధో వైకల్యం, మస్తిష్క పక్షవాతం, వినికిడి లోపం, ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి ఈ నాలుగూ ఒకచోట సమకూడవు. అందుకు వైకల్యం కొంత కారణం. పెద్ద కారణం మాత్రం మన పెంపకం.

2012లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ఒక సమగ్ర విశ్లేషణ వచ్చింది. అందులో 17 అధ్యయనాలను, 18 వేలకు పైగా దివ్యాంగ పిల్లల వివరాలను క్రోడీకరించారు. మిగతా పిల్లలతో పోలిస్తే వీరిపై ఏదో ఒక రకమైన హింస జరిగే అవకాశం 3.7 రెట్లు, లైంగిక హింస జరిగే అవకాశం 2.9 రెట్లు ఎక్కువని తేలింది. మానసిక, మేధో వైకల్యాలు ఉన్నవారిలో లైంగిక హింస ముప్పు 4.6 రెట్లు. ఈ సమాచారమంతా సంపన్న దేశాలది. ఇక మన సంగతికొస్తే, 2011 జనగణన ప్రకారం ఒక్క ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 22 లక్షల 66 వేల మంది దివ్యాంగులున్నారు.

ఇంత ముప్పు ఎక్కడి నుంచి వస్తుంది? చీకటి సందుల్లో పొంచి ఉండే అపరిచితుల నుంచి వచ్చేది తక్కువే. స్నానం చేయించేవారు, ఆటోలో బడికి తీసుకెళ్లేవారు, హాస్టల్ సిబ్బంది, దగ్గరి బంధువులు, ఇలా రోజూ ఒంటిని తాకే అవకాశం ఉన్నవారిలోనే నేరస్థులు ఎక్కువగా కనిపిస్తారు. ఎవరి మీద ఆధారపడి బతకాలో వారి మీదే ఫిర్యాదు చేయాల్సి రావడం ఈ పిల్లల ప్రత్యేక కష్టం.

దీనికి తోడు, ప్రత్యేక విద్యలో మనం ఏళ్ల తరబడి నేర్పేది విధేయత. కూర్చోమంటే కూర్చోవాలి, చెయ్యి పట్టుకుంటే గుంజుకోకూడదు, ఫిజియోథెరపీలో నొప్పి పుట్టినా ఓర్చుకోవాలి, ఇంటికొచ్చిన మామయ్యకు ముద్దివ్వాలి. చెప్పినట్టు విన్న పిల్లాడికి ‘గుడ్ బాయ్’ అని చప్పట్లు. పన్నెండేళ్లు ఇలా సాధన చేయించి, పదమూడో ఏట ‘ఎవరైనా తప్పుగా తాకితే వద్దని చెప్పు’ అంటే ఆ బిడ్డకు ‘వద్దు’ ఎక్కడి నుంచి వస్తుంది? పెరుగన్నం వద్దన్నప్పుడు, ఎర్ర చొక్కా వేసుకోనన్నప్పుడు ఆ మాటకు విలువిచ్చి ఉంటే కదా!

పెద్దల నోట ఇంకో మాట వినబడుతుంది: ‘వాడిది పసి మనసు, ఇవన్నీ ఎందుకు?’ శరీరం మాత్రం ఆ మాట వినదు. మేధో వైకల్యం ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి యవ్వన మార్పులు అందరిలాగే అదే వయసులో వస్తాయి. మెదడుకు సంబంధించిన కొన్ని సమస్యలుంటే ఇంకా ముందే రావచ్చు. 1994లో పుణేలోని ప్రభుత్వ ఆసుపత్రిలో, ప్రభుత్వ వసతి గృహంలోని మేధో వైకల్యం గల మహిళలకు గర్భసంచులు తొలగించారు. నెలసరి శుభ్రత వారికి చేతకాదన్నది అప్పుడు చెప్పిన ప్రధాన కారణం. దేశమంతటా నిరసనలు లేచాయి. గర్భసంచి తీసేస్తే గర్భం రాదు, అంతే. అత్యాచారం ఆగదు, పైగా జరిగిందన్న ఆనవాలు కూడా మిగలదు.

నెలసరి నేర్పలేని విద్యేమీ కాదు. లోదుస్తు మీద ప్యాడ్ ఆకారాన్ని రంగు దారంతో కుట్టి ఉంచితే, దాన్ని ఎక్కడ అతికించాలో అమ్మాయికి ఎవరూ చెప్పనక్కర్లేదు. నెలసరి రాకముందే ప్యాడ్ మీద ఎర్ర రంగు నీళ్లు చల్లి మార్చడం, కాగితంలో చుట్టడం, చెత్తబుట్టలో వేయడం, చేతులు కడుక్కోవడం అనే మెట్లను ఒక్కొక్కటిగా చేయించాలి. ఇది శుభ్రత పాఠంలా కనిపిస్తుంది కానీ, తన పని తాను చేసుకున్న ప్రతిసారీ ఆమె ఒంటిని తాకాల్సిన మరొకరి అవసరం ఒకటి తగ్గుతుంది.

బడుల్లో చెప్పే ‘మంచి స్పర్శ, చెడు స్పర్శ’ పాఠం ఇక్కడ సరిపోదు. మలవిసర్జన తర్వాత ఇంకొకరు కడగాల్సిన బిడ్డకు ‘అక్కడ ఎవరూ తాకకూడదు’ అన్న నియమం మొదటి రోజే అబద్ధమైపోతుంది. వారికి నేర్పాల్సిన నియమం వేరు: ఎవరు తాకవచ్చు, ఏ పనికి, ఎక్కడ, ఎంతసేపు. కడిగేటప్పుడు ‘ఇప్పుడు లోపలి బట్టలు విప్పుతున్నాను, సరేనా?’ అని అడిగి, బిడ్డ తల ఊపేదాకానో కళ్లతో సైగ చేసేదాకానో ఆగాలి. తాను కడుక్కోగలిగినంత మేర సబ్బు తన చేతికే ఇవ్వాలి. తలుపు వేయాలి. ఆ పనిని ఎప్పుడూ ఒకే పద్ధతిలో చేస్తే, వేరే మనిషి వేరే విధంగా చేసిన రోజున ఆ తేడా బిడ్డకు తెలుస్తుంది. ‘ఎవరికీ చెప్పకు’ అన్న మాట వినబడితే వెంటనే చెప్పాలన్నది ఇంకో నియమం.

చూపు లేని పిల్లలకు బొమ్మల పుస్తకం పనికిరాదు. అవయవాలన్నీ ఉన్న గుడ్డ బొమ్మను తడిమి తెలుసుకోవాలి. వినికిడి లేనివారికి సంజ్ఞ భాషలో చెప్పాలి. ఇంట్లో ఎవరికీ ఆ భాష రాకపోతే మాత్రం నేర్చుకున్నది చెప్పుకోవడానికి మనిషి ఉండరు.

చెప్పినంత మాత్రాన వస్తుందా అన్నది ఈ రంగంలో అసలైన శాస్త్రీయ ప్రశ్న. 1998లో అమెరికాలో రేమండ్ మిల్టెన్‌బర్గర్ బృందం మేధో వైకల్యం గల ఆరుగురు మహిళలకు శిక్షణ ఇచ్చింది. వద్దనడం, అక్కడి నుంచి వెళ్లిపోవడం, నమ్మకస్తులకు చెప్పడం నేర్పారు. ఉత్తుత్తి సన్నివేశాల్లో అందరూ చక్కగా చేసి చూపించారు. ఆ తర్వాత, పరీక్ష అని ముందుగా చెప్పకుండా, పరిశోధకులు పంపిన ఒక వ్యక్తి దగ్గరికి వచ్చి అనుచితంగా మాట్లాడితే నేర్చుకున్నది అక్కరకు రాలేదు. మరుసటి ఏడాది ప్రచురించిన అధ్యయనంలో అలాంటి నిజ సందర్భంలోనే అప్పటికప్పుడు తప్పు దిద్ది మళ్లీ చేయించారు, ఫలితం మెరుగుపడింది. ఏడాదికొకసారి జరిపే అవగాహన సదస్సు ఎందుకు చాలదో దీన్నిబట్టి తెలుస్తోంది. మండలాల్లోని భవిత కేంద్రాల్లో ప్రత్యేక ఉపాధ్యాయులు వారంవారం పిల్లలను కలుస్తారు. ఈ సాధన సాగాల్సింది అక్కడా, ఇంట్లోనూ.

మగపిల్లల సంగతి మనం మాట్లాడనే మాట్లాడం. వారిపైనా దౌర్జన్యం జరుగుతుంది, బయటపడేది తక్కువ. ఐదేళ్లప్పుడు అందరినీ కావలించుకుంటే ముచ్చటపడిన పెద్దలే పదహారేళ్లప్పుడు అదే పని చేస్తే చెయ్యెత్తుతారు, లేదా పోలీసులు వస్తారు. అందుకే ఎవరిని కావలించుకోవాలి, ఎవరితో చెయ్యి కలపాలి, ఎవరికి నమస్కారంతో సరిపెట్టాలి అన్నది రంగు వలయాలు గీసి చిన్నప్పుడే నేర్పాలి. హస్తప్రయోగానికి కొట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. అది ఒంటరిగా, తలుపు వేసుకున్న గదిలో మాత్రమే అన్న హద్దు గీస్తే చాలు.

చట్టం ఈ విషయంలో మన ఇళ్లకన్నా ముందుంది. బాలల వైకల్యాన్ని ఆసరాగా చేసుకొని చేసే అత్యాచారాన్ని 2012 నాటి పోక్సో చట్టం తీవ్ర నేరాల జాబితాలో చేర్చింది. నేరం గురించి తెలిసీ చెప్పకపోవడం కూడా ఆ చట్టం కింద శిక్షార్హమే. 2013 సవరణల నుంచి, దివ్యాంగ బాధితురాలి ఫిర్యాదును ఆమె ఇంటి దగ్గరో, ఆమెకు వీలైన చోటో, దుబాసీ లేదా ప్రత్యేక ఉపాధ్యాయుల సహాయంతో నమోదు చేయాలి, వీడియో తీయాలి.

అయితే వాంగ్మూలం చాలాసార్లు చెడిపోయేది పోలీసులు రాకముందు, ఇంట్లోనే. మేధో వైకల్యం ఉన్నవారిలో చాలామందికి అర్థం కాని ప్రశ్నకు ‘అవును’ అని తలూపే అలవాటుంటుంది. చిన్నప్పటి నుంచీ మెప్పు తెచ్చిపెట్టిన జవాబు అదే మరి. కంగారులో ‘ఫలానా వాడేనా? ఇక్కడ తాకాడా?’ అని అడిగితే ‘అవును’ వస్తుంది, రేపు ఇంకొకరు ఇంకో పేరు చెప్పి అడిగినా ‘అవును’ వస్తుంది. కోర్టులో ఎదుటి పక్షం వకీలు పట్టుకునేది దాన్నే. కాబట్టి మొదట విన్నవారు ‘ఏమైంది? ఆ తర్వాత?’ అన్నంత వరకే అడగాలి. బిడ్డ వాడిన మాటలను, సైగలను ఉన్నవి ఉన్నట్టు తేదీ వేసి రాసుకోవాలి. స్నానం చేయించకూడదు. ఒంటి మీది బట్టలు ఉతకకుండా ప్లాస్టిక్‌లో కాక కాగితం సంచిలో పెట్టి, 1098కి గానీ 112కి గానీ ఫోన్ చేయాలి. సంజ్ఞ భాషో, బొమ్మల పలకో వాడే బిడ్డ అయితే ఆ సంగతిని ఆ మొదటి ఫోన్‌లోనే చెప్పాలి. దుబాసీ దొరకడానికి సమయం పడుతుంది. ఆరోపణ ఎదుర్కొంటున్న సంస్థలోని సిబ్బందిని దుబాసీగా ఒప్పుకోకూడదు.