కళాశాల చెత్త - కొమ్ముపురుగు

అమలాపురమునకు చేరువనున్న బండారులంక చేనేతకు పేరుపడిన గ్రామము. ఇచ్చట మగ్గముపై ఒక పడుగు నేత ముగిసినప్పుడు అచ్చులో మిగిలిన పాత పోగులను లాగి పారవేయరు. ఒక్కొక్క పాత పోగు కొసకు ఒక్కొక్క కొత్త పోగును మెలిపెట్టి అతుకుదురు. అట్లు చేయనిచో వందలకొలది పోగులను మరల ఒక్కటొక్కటిగా అచ్చుపండ్ల సందున దూర్చవలసి వచ్చును. చూచువారికి ఆ కొసలు చెత్తవలె కనబడును గాని నేతగానికి అవి రేపటి పనిలో సగము.

ఈ ఊరినుండి ప్రతిదినము నేను పాఠము చెప్పుటకు పోవు కళాశాలలో మాత్రము సాయంకాలమగుసరికి వెనుకవైపు ప్రహరీగోడ ప్రక్కన పొగ లేచెడిది. రాలిన ఆకులు, కొబ్బరి కమ్మలు, చింపిన కాగితాలు, కాంటీనునుండి వచ్చిన ఎంగిలి విస్తళ్ళు, పాలసంచులు అన్నియు ఒకేచోట కాలెడివి. కళాశాలలకు విలువకట్టు నాక్ సంస్థవారు వ్యర్థముల సంగతి కూడ అడుగుట మొదలైన తరువాత గోడలపై ఆకుపచ్చ ప్రకటనలు వెలసినవి. పొగ మాత్రము మానలేదు. ఇది మా ఒక్క కళాశాల ముచ్చట కాదని ఉపాధ్యాయులందరు ఎరుగుదురు.

ఆ మంటలో ఏమి పోవుచున్నదో మొదట చూతము. కొబ్బరిచెట్టు ఇంచుమించు నెలకొక కమ్మ చొప్పున ఏడాదికి 12 కమ్మలు రాల్చును. ఆవరణలో 40 చెట్లున్నవనుకొన్నచో ఏడాదికి 480 కమ్మలు. కొన్నింటినుండి ఈనెలు తీసి చీపుళ్ళు కట్టుదురు, కొన్ని దడులకు పోవును, తక్కినవి మంటకే. ఆకు కాలినప్పుడు దానిలోని కర్బనము బొగ్గుపులుసు గాలిగను, నత్రజనిలో చాలభాగము వాయువులుగను ఎగిరిపోవును. పొటాషు, భాస్వరము బూడిదలో మిగులును. కొబ్బరికి అన్నింటికంటె ఎక్కువగా కావలసినది పొటాషే. కాని బూడిదను చెట్టు మొదట చల్లువారు లేనిచో మొదటి వాన ఆ పొటాషును కడిగి కాలువపాలు చేయును. పాలసంచి కాలినప్పుడు మసియు, విషవాయువైన కార్బన్ మోనాక్సైడును వచ్చును. పి.వి.సి. అను ప్లాస్టికు కాలినచో హైడ్రోక్లోరిక్ ఆమ్లవాయువు వెలువడును. డయాక్సినులనెడి విషములు కూడ పుట్టును. 2016 నాటి ఘనవ్యర్థ నిర్వహణ నియమములు చెత్తను ఇట్లు బహిరంగముగా తగులబెట్టుటను నిషేధించినవి. 2022 జూలై 1 నుండి ప్లాస్టికు గ్లాసులు, పళ్ళెములు, చెంచాలు, స్ట్రాలు దేశమంతట నిషిద్ధములు. పాలసంచి ఆ పట్టికలో లేదు. దానిని కడిగి ఆరవేసి పాత సామానుల వర్తకునికి అమ్ముట తప్ప వేరు దారి లేదు. ఎంగిలితో కలిసిన సంచిని అతడును ముట్టడు. చెత్తను పుట్టినచోటనే వేరుచేయవలెననుటలోని రహస్యము ఇంతే.

ఇక కుళ్ళు పదార్థములు. 1924 మొదలు 1931 వరకు ఇండోరులో పనిచేసిన ఆల్బర్ట్ హోవర్డు పొలపు చెత్తను పేడతో పొరలుపొరలుగా పేర్చి ఎరువుగా మార్చు పద్ధతిని తీర్చిదిద్దెను. దానికే ఇండోరు పద్ధతియని పేరు. ఇందు పనిచేయువి సూక్ష్మజీవులు. వాటికి 30 పాళ్ళ కర్బనమునకు ఒక పాలు నత్రజని చొప్పున ఆహారము దొరికినచో పని చురుకుగా సాగును. ఆ 30 పాళ్ళలో ఇంచుమించు 20 పాళ్ళను అవి శ్వాసించి వేడిగ మార్చును. మిగిలిన 10 పాళ్ళు ఒక పాలు నత్రజనితో కలిసి వాటి శరీరములగును. ఎండుటాకులో, అంతకు మించి కాగితములో, కర్బనము మెండు, నత్రజని కొరత. ఎంగిలి మెతుకులు, కూరగాయ తొక్కలు, పేడ ఇందుకు భిన్నము. ఎండుటాకు ఒక్కటే పేర్చినచో ఏడాదికైన కుళ్ళదు. ఎంగిలి ఒక్కటే పోసినచో రెండవదినమునకే ముక్కు మూసుకొనవలెను. రెండును కలిపి, తడిపి, గాలి ఆడునట్లు మీటరు ఎత్తున పేర్చినచో నాలుగైదు దినములలో నడిమి వేడి 55 డిగ్రీలు దాటును. కుప్పలోనికి ఒక ఇనుపకడ్డీని దించి పది నిమిషములకు బయటికి తీసి తాకి చూడుడని విద్యార్థులకు చెప్పినచో పుస్తకములోని పాఠము వారి చేతికి తగులును.

మేమును ఇట్లే ఒక గొయ్యి తవ్వితిమి. పొగ ఆగినది. విద్యార్థులు సంతోషించిరి, నేను వారికంటె ఎక్కువగా సంతోషించితిని. గొయ్యి నింపి, పైన మట్టి కప్పి, వేసవి సెలవులకు వెళ్ళిపోయితిమి. వానలు పడిన కొన్ని నెలలకు గోడ ఆవలి తోట రైతు వచ్చి, "మేష్టారూ, మీ గొయ్యొచ్చాక నా మొక్కల మొవ్వులు చూడండి, కత్తిరెట్టి కత్తిరించినట్టు లేవాండీ?" అని అడిగినాడు. పోయి చూచితిని. లేత కొబ్బరిమొక్కల కొత్త కమ్మలు విసనకఱ్ఱ అంచువలె కోణములుగా తెగియున్నవి. మరునాడు మా గొయ్యి తవ్వగా బొటనవ్రేలంత లావున తెల్లని పురుగులు సున్నచుట్టినట్లు ముడుచుకొని పడియున్నవి. మట్టి కప్పి ఆరునెలలు కదపకుండ వదలిన గొయ్యిలో వేడి ఎన్నడో చల్లారినది. మెత్తని కుళ్ళు మిగిలినది. మేము పెంచినది ఎరువును కాదు, కొమ్ముపురుగును.

కోనసీమవారికి ఈ పురుగును పరిచయము చేయనక్కరలేదు. తలపై ఖడ్గమృగమునకువలె ఒక కొమ్ముండుటచే ఈ పేరు వచ్చినది. ఇది చెట్టును తినునది రెక్కలు వచ్చిన తరువాతనే. రాత్రివేళ మొవ్వులో దూరి, విచ్చుకొనని లేత ఆకును తొలిచి రసము పీల్చును. ఆకు విచ్చుకొనుసరికి ఆ తూటు కోణపు కోతగా కనబడును. ఆ గాయములకు చేరు ఎఱ్ఱముక్కు పురుగు చెట్టునే చంపగలదు. గ్రుడ్లు పెట్టుటకు మాత్రము కొమ్ముపురుగు చెట్టుకు రాదు. పెంటకుప్పలకు, కుళ్ళిన మానులకు పోవును. 1996 నవంబరు 6 నాటి తుపానులో కోనసీమ తోటలలో లక్షలకొలది చెట్లు కూలినవి. అటువంటి మానులను తోటలో కుళ్ళనిచ్చుట ఈ పురుగునకు పురిటిగది కట్టి ఇచ్చుటయే.

ఈ పురుగు 1909 లో సింహళమునుండి రబ్బరు మొక్కలతోపాటు పసిఫిక్ మహాసముద్రములోని సమోవా దీవులకు చేరి అచ్చటి కొబ్బరితోటలను పీడించినది. 1963 లో హ్యూగర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు మలయాలో ఈ పురుగులకు సోకు ఒక వైరసును కనుగొనెను. 1967 లో దానిని పశ్చిమ సమోవాలో వదలగా పురుగుల తాకిడి చాలవరకు తగ్గినది. అయితే 2007 లో గువాము దీవిలో కనబడిన పురుగులు ఆ వైరసునకు లొంగలేదు. ప్రకృతిలో ఏ మందును కలకాలపు మందు కాదు.

అట్లని మరల మంటకు పోవలెనా? రైతు అడిగినది అదే. తగులబెట్టినచో పురుగు ఉండదు కదాయని ఆయన వాదము. అందులో అబద్ధము లేదు. కాని లెక్క వేసి చూచినచో మరియొక దారి కనబడును. కొమ్ముపురుగు గ్రుడ్డు పొదిగి, తెల్లపురుగై, కోశస్థ దశ దాటి, రెక్కలతో బయటపడుటకు నాలుగునుండి ఆరునెలలు పట్టును. ఎరువు అంతకు ముందుగనే తయారై, జల్లెడపట్టి, గొయ్యి ఖాళీయైనచో పురుగునకు పూర్తి జన్మ లభించదు. కనుక కమ్మలను ముక్కలుగ నరికి వేయవలెను. రెండు మూడు వారములకొకసారి కుప్పను తిరుగవేయవలెను. అప్పుడు చల్లని అంచులలో దాగిన పురుగులు నడిమి వేడిలోనికైన పోవును, లేక పైకి వచ్చి కోళ్ళకు, కాకులకు ఆహారమగును. గొయ్యిపై వలపరచినచో తల్లిపురుగు దిగలేదు. మేము సెలవులకు వెళ్ళినది తప్పు. గొయ్యి తవ్వినది తప్పు కాదు. ఇప్పుడు ఏప్రిల్ మొదటి వారములోనే గొయ్యిని ఖాళీ చేయించుచున్నాము.

కమ్మలను వానపాములకు మేపుట ఇంకొక ఉపాయము. కాసరగోడులోని కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థవారు కొబ్బరాకును కొరుకగల యూడ్రిలస్ జాతి వానపాములతో రెండున్నర, మూడు నెలలలో ఎరువు చేయు విధానమును రూపొందించిరి. పేడతో కొన్ని వారములు మగ్గబెట్టిన తరువాతనే ఆకును వానపాములకు వేయవలెను. పచ్చివేడిలో అవి చచ్చును. కొబ్బరిపొట్టు సంగతి మరింత మొండిది. పీచు తీయగా మిగులు ఈ పొట్టులో కర్బన నత్రజనుల నిష్పత్తి 112కు 1 వరకు ఉండును. చెక్కకు గట్టిదనమిచ్చు లిగ్నిను అను పదార్థము మెండు. దానిని విఱుచుటకు యూరియాయు, ప్లూరోటస్ అను పుట్టగొడుగు బూజును చేర్చుదురు. అప్పుడు నిష్పత్తి 24కు 1 వరకు దిగును. ఇంచుమించు ఇదే లెక్కను రసాయనశాస్త్రపు గదిలో కర్రపొట్టుతో చేసి చూపవచ్చును.

ప్రయోగశాలను గూర్చి ఒక్కమాట. 20 మి.లీ. పిపెట్టుకు బదులు 10 మి.లీ. పిపెట్టు వాడినచో ప్రతి విద్యార్థి కాలువలోనికి పంపు ద్రావణము సగమగును. డైక్రోమేటు మిగులును మాత్రము నేరుగా తూమున పోయరాదు. ఆమ్లద్రావణములో ఫెర్రస్ లవణముతో ఆకుపచ్చరంగు క్రోమియముగా మార్చి, సున్నముతో అడుగుకు దింపి, ఆ మడ్డిని వేరుగా భద్రపరుపవలెను. మా కాలువలనీరే దిగువ ఊళ్ళ చెరువులలో నిండును.

మరల గొయ్యి దగ్గరకు వత్తము. కొబ్బరి తెగుళ్ళను, పురుగులను పరిశోధించు ఉద్యాన పరిశోధన స్థానము మనకు అంబాజీపేటలోనే ఉన్నది. కొమ్ముపురుగు పిల్లలను చంపు మెటారైజియము అను శిలీంధ్రమును కుప్పలో కలుపుట ఇటువంటి స్థానములు చెప్పు జీవనియంత్రణ పద్ధతి. దాని విత్తులు పురుగు చర్మముపై మొలిచి లోనికి చొచ్చును. చచ్చిన పురుగు మొదట తెల్లని బూజు కప్పుకొని, పిమ్మట పాచివలె ఆకుపచ్చనగును. మనుష్యులకు, పశువులకు దీనివలన హాని లేదు. తిరుగవేసినప్పుడెల్ల విద్యార్థులచే పురుగులను లెక్కపెట్టించి, బ్రతికినవెన్ని, పచ్చబడినవెన్ని యని ఒక పుస్తకములో వ్రాయించవచ్చును. బ్రతికినవానిని ఏరి కోళ్ళకు వేయవచ్చును. పచ్చబడినవానిని మాత్రము పారవేయరాదు. వాటిపై ఉన్నవి రాబోవు పురుగులకు సోకవలసిన విత్తులు గనుక వాటిని చిదిపి తిరిగి కుప్పలోనే వేయవలెను.