4.3 సింగిల్ సైన్-ఆన్: సంస్థ ఖాతాలన్నింటికీ ఒకే ప్రవేశం

ఈ భాగం చదివిన తరువాత మీరు సింగిల్ సైన్-ఆన్‌ను నిర్వచించగలుగుతారు. అది పనిచేసే క్రమాన్ని వివరించగలుగుతారు. దాని లాభాలను, పరిమితులను బేరీజు వేయగలుగుతారు.

4.3.1 అవసరం

ఒక మందుల పంపిణీ సంస్థను ఊహించుకోండి. అక్కడి గుమాస్తాకు ఈ-మెయిల్, లెక్కలు, సరుకు నిల్వ, హాజరు అనే నాలుగింటికీ వేర్వేరు పాస్‌వర్డులు ఉన్నాయి. అన్నీ గుర్తుండవు కనుక ఒకే పాస్‌వర్డును అన్నిచోట్లా వాడతాడు. అది ఒకచోట బయటపడితే నాలుగు ఖాతాలూ ప్రమాదంలో పడతాయి. అతడు ఉద్యోగం మానివేస్తే నాలుగింటినీ విడివిడిగా మూయాలి. ఒక్కటి మరచిపోయినా కొనుగోలుదారుల వివరాలు అతనికి అందుబాటులోనే ఉంటాయి.

ఒకసారి గుర్తింపు నిరూపించుకొని, అనుమతి ఉన్న సేవలన్నింటిలోకీ ప్రవేశించే ఏర్పాటే సింగిల్ సైన్-ఆన్.

4.3.2 పనిచేసే విధానం

ఇందులో మూడు పక్షాలు ఉంటాయి: వినియోగదారు, సేవా ప్రదాత, గుర్తింపు ప్రదాత.

1. గుమాస్తా లెక్కల సాఫ్ట్‌వేర్‌ను తెరుస్తాడు. అది అతని బ్రౌజర్‌ను గుర్తింపు ప్రదాత వద్దకు పంపుతుంది.
2. గుర్తింపు ప్రదాత పాస్‌వర్డును, ఫోన్ వంటి రెండో ఆధారాన్ని పరీక్షిస్తుంది.
3. వ్యక్తి ఎవరు, టోకెన్ ఏ సేవకు, గడువు ఎంత అనే వివరాలతో డిజిటల్ సంతకం చేసిన టోకెన్‌ను ఇస్తుంది.
4. లెక్కల సాఫ్ట్‌వేర్ వాటిని సరిచూసుకొని లోనికి అనుమతిస్తుంది.

తరువాత హాజరు పేజీ తెరిస్తే, గుర్తింపు ప్రదాత వద్ద సెషన్ కొనసాగుతున్నంత వరకు మళ్ళీ పాస్‌వర్డు అడగదు.

దీన్ని హాల్ టికెట్‌తో పోల్చవచ్చు. పరీక్షా కేంద్రం మీ అసలు ధ్రువపత్రాలను మళ్ళీ పరిశీలించదు. విశ్వవిద్యాలయం ముద్రను, కేంద్రం పేరును, తేదీని చూస్తుంది. అలాగే ఇక్కడ పాస్‌వర్డు సేవా ప్రదాతకు చేరదు. ఇదే ఈ పద్ధతిలోని కీలకాంశం.

4.3.3 ప్రమాణాలు

1980లలో ఎంఐటీలోని అథీనా ప్రాజెక్టులో రూపొందిన కెర్బెరోస్ ఈ ఆలోచనకు తొలి రూపాలలో ఒకటి. వెబ్ సేవల కోసం ఒయాసిస్ సంస్థ 2005లో ఎస్ఏఎంఎల్ 2.0ను ఆమోదించింది. 2014లో ఓపెన్ఐడీ కనెక్ట్ వచ్చింది. ఇది ఓఆథ్ 2.0పై ఆధారపడింది. ఓఆథ్ అనుమతికి సంబంధించినది. ఓపెన్ఐడీ కనెక్ట్ దానికి గుర్తింపును జోడిస్తుంది. ఈ భేదాన్ని గమనించండి.

4.3.4 పరిమితులు

తాళం ఒక్కటే అయినప్పుడు అది దొంగ చేతికి చిక్కితే అన్ని గదులూ తెరుచుకుంటాయి. అందుకే రెండో ఆధారం తప్పనిసరి. గుర్తింపు ప్రదాత పనిచేయకపోతే కొత్తగా ఎవరూ ప్రవేశించలేరు. కాబట్టి అత్యవసర నిర్వాహక ఖాతా ఒకటి భద్రంగా ఉంచుకోవాలి.

ఉద్యోగి వెళ్ళిపోయినప్పుడు గుర్తింపు ప్రదాత వద్ద ఖాతా మూస్తే కొత్త ప్రవేశాలు ఆగుతాయి. అయితే అప్పటికే తెరిచి ఉన్న సెషన్లు వెంటనే ముగియకపోవచ్చు. ఏదైనా సేవలో పాత పాస్‌వర్డు ఇంకా చెల్లుతుంటే ఆ దారి తెరిచే ఉంటుంది. ఈ రెండింటినీ నిర్వాహకుడు విడిగా సరిచూడాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. టోకెన్‌లో సేవ పేరు, గడువు ఎందుకు ఉండాలి?
2. గుర్తింపు ప్రదాత వద్ద ఖాతా మూసినంత మాత్రాన పాత ఉద్యోగి ప్రవేశం పూర్తిగా ఆగుతుందా? కారణాలతో వివరించండి.