5.3 ముద్రణ దోషాలు, రూపభేదాలు: పాత బేస్‌బాల్ కార్డులు

అచ్చు వస్తువులను సేకరించేవారు ఒక్కొక్కసారి తప్పున్న ప్రతికే ఎక్కువ ధర చెల్లిస్తారు. అయితే ప్రతి తప్పుకూ అంత విలువ ఉండదు. దీనికి కారణాన్ని అమెరికాలోని పాత బేస్‌బాల్ కార్డుల ద్వారా తెలుసుకుందాం. ఆటగాళ్ల బొమ్మలున్న ఈ కార్డులను మొదట సిగరెట్ పెట్టెల్లో, తరువాత బబుల్‌గమ్ పొట్లాల్లో పెట్టి అమ్మేవారు.

5.3.1 మూడు రకాలు

దోషం: పేరు, వివరం లేదా బొమ్మ తప్పుగానే అచ్చుకు సిద్ధమవుతుంది. ఆ అచ్చు నుంచి వచ్చిన ప్రతి కార్డులోనూ అదే తప్పు ఉంటుంది.

రూపభేదం: ఒకే కార్డు రెండు రూపాల్లో వెలువడుతుంది. తప్పును మధ్యలో సరిదిద్దితే ఇలా జరుగుతుంది. తప్పు లేకుండా కూడా జరగవచ్చు. 1969 టాప్స్ కంపెనీ కార్డుల్లో మికీ మాంటిల్ ఇంటిపేరు కొన్నిటిపై పసుపు రంగులో, కొన్నిటిపై తెలుపు రంగులో ఉంది.

ముద్రణ లోపం: సిరా మరక పడడం, రంగు పక్కకు జరగడం, కోత వంకరపోవడం వంటివి. ఇవి యంత్రం దగ్గర కొన్ని కాగితాలకు జరిగిన ప్రమాదాలు మాత్రమే.

5.3.2 సవరణ ప్రాధాన్యం

1909–1911 మధ్య అమెరికన్ టొబాకో కంపెనీ వెలువరించిన కార్డులను నేడు 'టి206' వరుస అంటారు. వాటిలో ఫిలడెల్ఫియా ఆటగాడు షెర్రీ మెగీ పేరులో ఇంగ్లిషు 'ఇ' అక్షరం ఉండవలసిన చోట 'ఐ' పడింది. త్వరలోనే దాన్ని సరిదిద్దారు. అదే వరుసలో న్యూయార్క్ అమెరికన్ లీగ్ జట్టు ఆటగాడు జో డాయల్‌ను నేషనల్ లీగ్ వాడిగా చూపి, తరువాత ఆ మాట తీసివేశారు. తప్పున్న ప్రతులు తక్కువగా మిగలడం వల్ల ఈ రెండూ సవరించిన కార్డులకంటే ఎంతో ఖరీదైనవి.

1957 టాప్స్ కార్డుతో దీన్ని పోల్చండి. నెగటివ్ తిరగబడడంతో కుడిచేతి ఆటగాడు హ్యాంక్ ఆరన్ అందులో ఎడమచేతి వాటంగా కనిపిస్తాడు. తప్పు పెద్దదే, కానీ దాన్ని సవరించలేదు. అన్ని ప్రతులూ ఒకేలా ఉన్నందున ఆ తప్పు వల్ల అదనపు అరుదుదనం రాలేదు. ఆ కార్డు విలువకు ఆరన్ కీర్తే ఆధారం.

5.3.3 పరిశీలించే పద్ధతి

కార్డులో తేడా కనిపిస్తే మీరు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అదే తేడా ఇతర ప్రతుల్లోనూ ఉందా? సవరించిన రూపం ఉందా? అక్షరాన్ని గీకి గాని, దిద్ది గాని మార్చారా? ఒక్క అక్షరం మీద ధర ఆధారపడినప్పుడు మోసానికి అవకాశం ఎక్కువ. కాబట్టి భూతద్దంతో పరిశీలించడం తప్పనిసరి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1952 టాప్స్ వరుసలో జో పేజ్, జానీ సెయిన్ కార్డుల వెనుక జీవిత వివరాలు తారుమారయ్యాయి. తరువాత సరిచేశారు. ఇవి ఏ రకానికి చెందుతాయి? కారణాలు రాయండి.