జరిమానా కడితే తప్పు ఒప్పవుతుందా?



మొన్న మా వదిన ఇంటిపన్ను రసీదు పట్టుకుని వచ్చింది. "కిందటేడు పన్నుకు సగం అదనంగా వేశారు. సరే, పీడ వదిలిందని కట్టేశాం. ఈ ఏడూ మళ్ళీ వేశారేమిటే?" అంది. హైదరాబాదులో వాళ్ళది చిన్న ఇల్లు. ప్లానులో వదలమన్న పక్క జాగాలో ఓ గది వేసి, కిరాణా కొట్టుకు అద్దెకిచ్చారు. జరిమానా కట్టాం గనుక ఆ గది సక్రమమైపోయిందనుకుంది పాపం! మనలో చాలామందీ అలాగే అనుకుంటాం కదూ?

హైదరాబాదు కార్పొరేషన్ చట్టం ఏమంటుందో చూడండి. ఇంటిచుట్టూ వదలవలసిన స్థలంలో ఉల్లంఘన 10 శాతం లోపయితే పన్నులో 25 శాతం, అంతకు మించితే 50 శాతం జరిమానా. అనుమతి లేని అంతస్తు వేసినా, అసలు అనుమతే లేకుండా ఇల్లు కట్టినా 100 శాతం. అంటే పన్ను రెట్టింపన్నమాట! ఇది ఒక్కసారితో పోదు. ఆ కట్టడం ఉన్నంతకాలం ఏటా పడుతుంది. పన్ను 6000 రూపాయలైతే సగం 3000, అయిదేళ్ళకు 15000. ఇంతా కట్టినా అనుమతి వచ్చినట్టు కాదు, కూల్చే అధికారం వాళ్ళకు ఉండనే ఉంటుంది. ఇక వ్యవహారం కోర్టుకెక్కి శిక్ష పడ్డాక కూడా తప్పు దిద్దుకోకపోతే, రోజుకింతని వేరే జరిమానా.

ఎందుకింత పట్టుదల అంటారా? ఒక్కసారి కట్టి వదిలించుకునేదైతే, అద్దె డబ్బులోంచి పారేసి హాయిగా ఉంటాం. ఆ ఖాళీ జాగా గాలికీ వెలుతురుకీ, నిప్పంటుకుంటే మనుషులు బయటపడడానికీ వదిలినది. అది మన ఒక్కరిదే కాదు, పక్కింటివాళ్ళ క్షేమం కూడా.

ఉత్తరప్రదేశ్‌లోని మీరట్‌లో నివాసానికిచ్చిన స్థలంలో దుకాణాలు కట్టారు. ఏళ్ళ తరబడి వ్యాపారం సాగింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు, ఏళ్ళు గడిచాయనో, సొమ్ము పెట్టామనో అంటే అక్రమం సక్రమం కాదని చెప్పి, కూల్చివేత ఉత్తర్వును ఖాయం చేసింది.

అందుకని, గది వెయ్యబోయే ముందే ప్లాను తీసి చూడండి. ఇల్లు కొనేటప్పుడు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అడగండి. పన్ను రసీదులో అదనపు మొత్తం కనిపిస్తే, అది దేనికో ఆ ఏడే కనుక్కోండి.

మా వదిన చాలాసేపు మాట్లాడలేదు. ఆ అద్దెతోనే పిల్లవాడి కాలేజీ ఫీజు గడుస్తోంది మరి. చివరికి, "గది తీసేద్దామని మీ అన్నయ్యతో ఎలా చెప్పను?" అంది. "పద, నేనూ వస్తాను" అన్నాను.