దారి ఒక్కటే.. గడియారాలు మూడు!

చెక్‌పోస్టంటే సరిహద్దు జనానికి కొత్తేం కాదు. లారీల బారు, కాగితాల తనిఖీ.. రోజూ చూసేదే. కానీ రెండు నిమ్మకాయలు, నాలుగు టమాటాలు ఉన్నా బండి ఆపేసే చెక్‌పోస్టు ఒకటుంది. చుట్టూ వందల కిలోమీటర్ల మేర పెద్ద ఊరన్నది లేని చోట, పగలూ రాత్రీ సిబ్బంది కాపలా కాస్తుంటారు. దక్షిణ ఆస్ట్రేలియా, పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రాల సరిహద్దులో ఉందీ చెక్‌పోస్టు.

అక్కడి నేలను నల్లార్బర్ మైదానం అంటారు. లాటిన్‌లో ‘చెట్టే లేదు’ అని అర్థం. ఒకప్పుడు సముద్రం అడుగున ఉన్న సున్నపురాయి పలక ఇది. దాదాపు 2 లక్షల చదరపు కిలోమీటర్లు. పడ్డ కాస్త వానా రాతి పగుళ్లలోంచి గుహల్లోకి దిగిపోతుంది. అందుకే పైన ఏరు లేదు, చెరువు లేదు. దీనిమీదుగా వెళ్లేదే ఏర్ హైవే. తూర్పున సెడూనా నుంచి పడమర నార్స్‌మన్ దాకా సుమారు 1,200 కిలోమీటర్లు. సరిహద్దు నుంచి బల్లడోనియా వరకు ఉన్న 530 కిలోమీటర్ల ముక్క మోటార్‌హోమ్‌కు సరిగ్గా ఒక పగటి ప్రయాణం.

మోటార్‌హోమ్ అంటే చక్రాల మీది ఇల్లే. వెనక మంచం, పొయ్యి, చిన్న ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు అన్నీ ఉంటాయి. ఎక్కడ పొద్దుగూకితే అక్కడే బస.

ఫ్రిజ్ ఖాళీ చేశాకే..

పడమరకు వెళ్లే బండ్లను సరిహద్దులోనే సోదా చేస్తారు. తాజా పళ్లు, కూరగాయలు, తేనె, మొక్కలు, విత్తనాలు ఉంటే అప్పగించాల్సిందే. పళ్లను పాడుచేసే ఈగలు ఒక రాష్ట్రంవి ఇంకో రాష్ట్రంలోకి పోకూడదని ఈ కట్టడి. తూర్పున ఒక రకం ఈగ, పడమర ఇంకో రకం. తెలిసినవాళ్లు ముందురోజు రాత్రే ఉన్న కూరలన్నీ వండేసుకుంటారు.

చెక్‌పోస్టు దాటేలోగా చేతి గడియారం 45 నిమిషాలు వెనక్కి తిప్పుకోవాలి. దక్షిణ ఆస్ట్రేలియాది ఒక టైము, పశ్చిమ ఆస్ట్రేలియాది ఇంకో టైము. మామూలు రోజుల్లో తేడా గంటన్నర. మధ్యలో ఉన్న యూక్లా వాళ్లు రెంటికీ నడిమిగా సొంత టైము పెట్టుకున్నారు. చట్టంలో లేకపోయినా అక్కడ అందరూ నడుచుకునేది దాని ప్రకారమే. మన టైముకన్నా 3 గంటల 15 నిమిషాలు ముందు. కైగూనా దాటాక ఇంకో 45 నిమిషాలు వెనక్కి తిప్పితే పశ్చిమ ఆస్ట్రేలియా టైము వస్తుంది.

ఒకే బల్ల.. అటొకరు, ఇటొకరు

సరిహద్దుకు 12 కిలోమీటర్లలోనే యూక్లా. 1877లో ఇక్కడ తంతి కార్యాలయం తెరిచారు. అప్పటికి రెండూ వేర్వేరు వలస రాజ్యాలు. ఎవరి తీగ వాళ్లది, ఎవరి మోర్స్ కోడ్ వాళ్లది. ఒకరి సంకేతాలు ఒకరికి పనికిరావు. అందుకని ఒకే గదిలో బల్లకు అడ్డంగా చెక్క గోడ కట్టి, అటు దక్షిణం వాళ్లు, ఇటు పడమటి వాళ్లు కూర్చునేవారు. అటువైపు వచ్చిన తంతిని కాగితం మీద రాసి కంతలోంచి ఇటు అందిస్తే, ఇటువాళ్లు తమ కోడ్‌లో ముందుకు కొట్టేవారు. ఇంట్లో ఒక భాష, బజార్లో ఒక భాషతో నెట్టుకొచ్చే సరిహద్దు తెలుగువాళ్లకు ఆ బల్ల సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

1927లో ఆ కార్యాలయం మూతపడింది. తంతి లైను ఉత్తరాన రైలు మార్గం వెంట మారిపోయింది. అంతకుముందే 1890లలో కుందేళ్ల దండు వచ్చిపడి ఇసుక దిబ్బల మీది పచ్చికంతా మేసేసింది. పట్టు వదిలిన ఇసుక కదిలొచ్చి ఊరిని ముంచింది. రాతిగోడలు ఇప్పటికీ ఇసుకలోంచి తలెత్తి కనిపిస్తాయి.

నీళ్లుంటేనే ప్రయాణం

యూక్లా నుంచి ముండ్రబిల్లా 66 కిలోమీటర్లు. అక్కడి నుంచి మదూరా 116. ఆపైన కాకిల్‌బిడ్డీ 92, కైగూనా 65. ఇవి ఊళ్లనుకుంటే పొరపాటు. పెట్రోలు బంకు, తిండి, నాలుగు గదులు ఉన్న రోడ్‌హౌస్‌లు. వీటి దగ్గర తప్ప చాలా దూరం ఫోన్ పలకదు. బోరు నీళ్లు ఉప్పన. అందుకే చాలాచోట్ల బండి ట్యాంకు నింపుకోవడానికి నీళ్లివ్వరు. తాగే నీళ్లు మనిషికింత అని లెక్కేసి బయల్దేరాలి. డీజిల్ సగానికి దిగకముందే మళ్లీ నింపుకోవాలి.

మదూరా అంటే తమిళనాడు తెలుగువాళ్లకు మదురై గుర్తుకు రావచ్చు. ఒకప్పుడు ఇక్కడ పెంచిన గుర్రాలు బ్రిటిష్ ఇండియా సైన్యానికే!

నీళ్ల విలువ ఏమిటో ఈ దారికి పేరిచ్చిన ఎడ్వర్డ్ జాన్ ఏర్‌కు బాగా తెలుసు. 1841లో జాన్ బాక్‌స్టర్‌తో, ముగ్గురు ఆదివాసీ యువకులతో ఈ తీరం వెంట నడిచాడు. స్థానికులు చూపిన ఇసుక దిబ్బల్లో చెలమలు తవ్వుకున్నారు. నీళ్లు దొరకనినాడు తెల్లారుజామున ఆకుల మీది మంచును స్పాంజితో అద్ది పిండుకున్నారు. ఏప్రిల్ 29 రాత్రి ఇద్దరు యువకులు బాక్‌స్టర్‌ను కాల్చి చంపి, సరుకులు తీసుకుని వెళ్లిపోయారు. మిగిలిన వైలీ అనే యువకుడి తోడుతో ఏర్ జులైలో ఆల్బనీ చేరాడు. బాక్‌స్టర్ స్మారకం కైగూనాకు దక్షిణాన ఉంది. బయటివాళ్లు ‘ఏమీ లేని నేల’ అన్న ఈ తీరం మిర్నింగ్ జాతి వాళ్ల సొంతగడ్డ. ఏ దిబ్బ కింద నీళ్లున్నాయో వాళ్లకు తెలుసు.

వంపు లేని రోడ్డు

కైగూనా దాటాక హైవేలోకెల్లా పేరుపడ్డ ముక్క వస్తుంది. 146.6 కిలోమీటర్లు ఒక్క వంపు కూడా లేదు. స్టీరింగ్‌కు పని లేదు. అదే ప్రమాదం.. నిద్ర ముంచుకొస్తుంది. కైగూనా నుంచి బల్లడోనియా దాకా 182 కిలోమీటర్లలో ఇంకో బంకు లేదు.

ఎదురుగా వచ్చే లారీ రైళ్లు 36 మీటర్లకు పైనే. పక్కనుంచి దూసుకెళ్తే ఆ గాలికి మోటార్‌హోమ్ ఊగిపోతుంది. చచ్చిన కంగారూను పీక్కుతింటున్న గద్ద కనిపిస్తే వేగం తగ్గించాలి. బరువైన పక్షి, చప్పున లేవలేదు. పొద్దు వాలాక కంగారూలు రోడ్డెక్కుతాయి. అద్దె మోటార్‌హోమ్‌లు ఇచ్చేవాళ్లలో చాలామంది రాత్రి ఈ దారిలో నడపొద్దని షరతు పెట్టేది అందుకే.

కొన్నిచోట్ల తారు మీద తెల్లటి గీతలు కనిపిస్తాయి. అవి విమానం దిగే చోట్లు. ఎవరికైనా గుండెపోటొచ్చినా, బండి బోల్తాపడినా రోడ్డు ఆపేసి ఫ్లయింగ్ డాక్టర్ల విమానాన్ని అక్కడే దించుతారు. 1928లో మొదలైన సేవ అది. దగ్గర్లో పెద్దాస్పత్రి లేని చోట ప్రాణానికి అదే దిక్కు. అందుకేనేమో ఈ దారిన ఎదురుపడ్డ డ్రైవర్లు ముక్కూమొహం తెలియకపోయినా స్టీరింగ్ మీంచి చెయ్యెత్తి పలకరించుకుంటారు.

స్కైలాబ్ పడింది ఇక్కడే

పొద్దు వాలేసరికి బల్లడోనియా. ఈ పేరు తెలియకపోయినా ఇక్కడ పడ్డ వస్తువు పేరు తెలుగు పల్లెల్లో పెద్దవాళ్లకు తెలుసు. 1979 జులైలో ‘స్కైలాబ్ నెత్తిన పడుతుందట, అంతా పోతామట’ అని మనవైపు ఎంత గోల! కోళ్లూ మేకలూ కోసుకుతిన్నవాళ్లున్నారు. ఉన్నదంతా అమ్ముకున్నవాళ్లున్నారని చెబుతారు. 2021లో ఆ పేరుతో తెలుగు సినిమా కూడా వచ్చింది. ఆ స్కైలాబ్ ముక్కలు చివరికి పడింది ఎస్పరెన్స్, బల్లడోనియా ప్రాంతాల్లో. ఎవరికీ దెబ్బ తగల్లేదు. చెత్త వేసినందుకు నాసాకు ఎస్పరెన్స్ స్థానిక పాలకమండలి 400 డాలర్ల జరిమానా వేసింది. 2009లో ఒక అమెరికా రేడియో వ్యాఖ్యాత శ్రోతల దగ్గర పోగుచేసి ఆ డబ్బు కట్టారు.

బల్లడోనియా రోడ్‌హౌస్‌లోని చిన్న మ్యూజియంలో ఆ శకలాలు ఉన్నాయి. బండి ఆపి, అవి చూసి, డీజిల్ నింపుకుంటే ఆ రోజుకు ప్రయాణం సరి. తెల్లారితే నార్స్‌మన్‌కు ఇంకో 190 కిలోమీటర్లు.