మంచుకి లొంగని ఓడ, మంచుకి నలిగిన ఓడ

దోహా నడిబొడ్డున ముషైరిబ్‌లో కొత్తగా కట్టిన వీధులు కావాలనే ఇరుకుగా ఉంటాయి. ఒక భవనం నీడ పక్కదాని మీద పడాలి, సముద్రపు గాలి వీధుల్లోకి రావాలి అని అలా ప్లాన్ చేశారు. ఎండని ఎదిరించడం కన్నా దాన్ని ముందే లెక్కలోకి తీసుకోవడం తెలివైన పని అన్నమాట. ఆ వీధుల్లో నడిచినప్పుడల్లా నాకు ఎండతో ఏ సంబంధమూ లేని ఒక ఓడ గుర్తొస్తుంది. దాని పేరు ఫ్రామ్. నార్వే భాషలో ‘ముందుకి’ అని అర్థం.

కథ 1881లో మొదలవుతుంది. ఆ ఏడు జానెట్ అనే అమెరికన్ ఓడ సైబీరియాకి ఉత్తరాన మంచులో నలిగి మునిగిపోయింది. మూడేళ్ళ తర్వాత దాని సామాన్లు కొన్ని ఎక్కడో గ్రీన్లాండ్ నైరుతి తీరంలో తేలాయి! అంటే ఉత్తర ధ్రువం మీదుగా మంచు నెమ్మదిగా ప్రవహిస్తోందన్నమాట. నార్వే శాస్త్రవేత్త నాన్సెన్‌కి ఇక్కడే ఆలోచన తట్టింది. మంచుతో యుద్ధమెందుకు? ఓడని కావాలనే మంచులో ఇరికించి దానితోపాటే కొట్టుకుపోతే సరి. 1892లో లండన్‌లో ఈ సంగతి చెబితే అనుభవజ్ఞులు చాలామంది పెదవి విరిచారు.

మన భాషలో చెప్పాలంటే ఇది విచిత్రమైన రిక్వైర్‌మెంట్. ఓడ మంచుని పగలగొట్టక్కర్లేదు. తాను పగలకుండా ఉంటే చాలు. కాలిన్ ఆర్చర్ అనే ఓడల నిపుణుడు దీనికి తగ్గ డిజైన్ చేశాడు. పొడవు సుమారు 39 మీటర్లు, వెడల్పు 11 మీటర్లు. పక్కలు గుండ్రంగా, నున్నగా, ఎక్కడా మంచుకి పట్టు దొరకకుండా ఉంటాయి. తడి మామిడి టెంకని వేళ్ళ మధ్య నొక్కితే జారి పైకొచ్చినట్టు, మంచు నొక్కేకొద్దీ ఓడ పైకి లేస్తుంది. చుక్కానినీ ప్రొపెల్లర్‌నీ పైకి లాగేసుకునే ఏర్పాటు ఉంది. మూడు తెరచాపల కొయ్యలకి తోడు ఆవిరి ఇంజనూ, దీపాల కరెంటు కోసం ఒక గాలిమరా పెట్టారు.

అన్నీ లాభాలే కాదు. ఆ గుండ్రటి అడుగు వల్ల మామూలు సముద్రంలో ఫ్రామ్ విపరీతంగా ఊగిపోయేది. ఆ సంగతి తెలిసే కట్టారు. 1893లో 13 మందితో బయల్దేరిన ఓడ దాదాపు మూడేళ్ళు మంచులో ఉండి, 1896లో చెక్కుచెదరకుండా బయటికొచ్చింది. 1911లో దక్షిణ ధ్రువాన్ని చేరిన అముండ్సెన్ బృందాన్ని అంటార్కిటికాకి తీసుకెళ్ళింది కూడా ఇదే.

ఇక రెండో ఓడ, ఎండ్యూరెన్స్. 1912లో నార్వేలోనే తయారైంది. ధనవంతులైన టూరిస్టుల్ని ధ్రువప్రాంతాల విహారానికి, వేటకి తీసుకెళ్ళడానికి కట్టిన ఓడ ఇది. కొనుగోలు వ్యవహారం కుదరక అమ్మకానికి వస్తే షాకల్టన్ కొన్నాడు. 1915 జనవరిలో వెడెల్ సముద్రపు మంచులో ఇరుక్కుని, నవంబర్ 21న మునిగిపోయింది. అందులోని 28 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. 2022 మార్చి 5న, 3008 మీటర్ల లోతున, నీటి అడుగున తిరిగే రోబోల సాయంతో దాన్ని కనుక్కున్నారు.

ఆ కాలంలో ఇంతకన్నా గట్టి చెక్క ఓడ లేదని చాలాకాలం చెప్పుకున్నారు. 2025లో ఫిన్లాండ్ ఆల్టో విశ్వవిద్యాలయానికి చెందిన యుక్కా తుహ్కురి ఈ మాటని పరీక్షించి చూశాడు. తేలిందేమిటంటే, దాని డెక్ దూలాలూ పక్కటెముకలూ సాటి ధ్రువ నౌకల కన్నా బలహీనం. పక్కలనుంచి వచ్చే ఒత్తిడిని తట్టుకునే ఐమూల దూలాలు అసలు లేవు. పెద్ద ఇంజన్ గది వల్ల మధ్యభాగం మరీ బలహీనమైంది. మరో విశేషం, ఐమూల దూలాలు వేయించమని అంతకు ముందు ఒక జర్మన్ యాత్రకి సలహా ఇచ్చింది స్వయంగా షాకల్టనే! ఆ జర్మన్ ఓడ డాయిష్‌లాండ్ నెలల తరబడి మంచులో చిక్కుకునీ బయటపడింది. ఎండ్యూరెన్స్ తన పాత ఓడంత గట్టిది కాదని అతను భార్యకి ఉత్తరం కూడా రాశాడు. తెలిసీ ఎందుకు వెళ్ళాడు? డబ్బు చాలకో, సమయం లేకో, మనం ఊహించుకోవాల్సిందే.

ఒక పనికోసం కట్టినదాన్ని ఇంకో పనికి వాడటం మనకీ కొత్తకాదు. పాత సిస్టమ్‌ని కొత్త కస్టమర్‌కి అంటగడుతూ ‘చాలా రోబస్ట్’ అంటూ ఉంటాం. ఏ ఒత్తిడికి రోబస్ట్ అని అడిగేవాడు మీటింగ్‌లో ఒక్కడైనా ఉండాలి. ఎండ్యూరెన్స్ అలలకి గట్టిది. దాన్ని నొక్కింది మంచు.

ఓస్లో వైపు వెళ్ళే మిత్రులు అక్కడి ఫ్రామ్ మ్యూజియం తప్పక చూడండి. ఓడ లోపలికెళ్ళి ఆ దూలాల్ని చేత్తో తాకి చూడొచ్చు.